యతి తప్పని తప్పు

చెల్లె పెళ్లి ఫోటోల్లో అది 412వది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. పై సగం కళకళలాడుతూ ఉంది: పందిరి, మామిడాకుల తోరణం, అడ్డుతెర పట్టుకున్న మేనమామల చేతులు. ఆ చేతుల కిందికి వచ్చేసరికి బొమ్మ ఉన్నట్టుండి పక్కకు జరిగింది. పట్టుచీర ఎరుపు ఆకుపచ్చగా మారింది. అడుగున పావు వంతు ఉత్త బూడిదరంగు పట్టీ.

హనుమకొండలో మా ఇంటి ముందుగదిలో ఉండే డెస్క్‌టాప్ ఆ ఎండాకాలం నుంచే సతాయిస్తున్నది. ఏదో పనిలో ఉండగా నీలం తెర వేసి ఆగిపోయేది. జిప్ చేసి పెట్టిన ఫోల్డర్లు విప్పబోతే లోపల తప్పుందని మొరాయించేవి. మరమ్మతు చేసే అబ్బాయిని పిలిస్తే పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, "హార్డ్‌డిస్క్ పోయింది సార్. కొత్తది వేసి డేటా అంతా దాంట్లకు ఎక్కిద్దాం" అన్నాడు. సరేనన్నాను. కొత్త డిస్కు వచ్చింది, పాతది బీరువాలోకి పోయింది. వారం తిరక్కుండానే 412 ఇలా దర్శనమిచ్చింది. వెతికితే అలాంటివి ఇంకో పది దాకా తేలాయి.

మా బాపు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన మనిషి. కళ్లద్దాలు సవరించుకుని తెరకేసి కాసేపు చూశాడు.

"తాటాకుకు చెద పడితే ఇట్లుండదిరా" అన్నాడు. "చెద తిన్నకాడ బొక్క పడుతది, అక్షరం పోతది. ఇక్కడ అక్షరం పోలే. ఒకటి ఉండాల్సిన జాగల ఇంకోటి వచ్చి కూసున్నది."

పాత గ్రంథాలను పరిష్కరించే పండితులు ఈ రెండు తప్పుల్ని రెండు పేర్లతో పిలుస్తారు. ఉండాల్సిన పాఠం లేకుండా పోతే గ్రంథపాతం. ఉండకూడని పాఠం వచ్చి చేరితే అపపాఠం. గ్రంథపాతం పురుగు వల్లో నీటి వల్లో వస్తుంది. అపపాఠం మాత్రం చాలావరకు ఎత్తిరాసిన చేతి వల్ల వస్తుంది. బాపు యథాలాపంగా అన్న ఆ మాటే చివరికి మా కంప్యూటర్లో దొంగను పట్టించింది. ఆ కథ అర్థం కావాలంటే ముందు డిస్కు లోపలికి పోవాలి.

పళ్లెం మీద రాత

మొదటి హార్డ్‌డిస్కును ఐబీఎం సంస్థ 1956లో బయటికి తెచ్చింది. అందులో 24 అంగుళాల పళ్లేలు యాభై, ఒకదాని మీద ఒకటి. బరువు సుమారు ఒక టన్ను. ఇంతా చేసి అందులో పట్టింది 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు ఫోనుతో తీసిన రెండు ఫోటోలకు అది నిండిపోతుంది.

ఇళ్లలో వాడే డిస్కులో పళ్లేలు ఒకటో రెండో, వెడల్పు మన అరచేతికి మించదు. ఒక టెరాబైటు డిస్కంటే లక్ష కోట్ల బైట్లు. బైటుకు ఎనిమిది బిట్ల చొప్పున 8 లక్షల కోట్ల బిట్లు. బిట్టంటే సున్నా లేదా ఒకటి. పళ్లెం మీద పూసిన సన్నని అయస్కాంత పొరలో కొన్ని రేణువుల గుంపు ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉందన్నదాన్ని బట్టి ఆ సున్నా, ఆ ఒకటి తేలతాయి.

ఈ పళ్లెం నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120. అంచు దగ్గర దాని వేగం గంటకు సుమారు 130 కిలోమీటర్లు. కాజీపేట జంక్షన్ దాటి పరుగందుకున్న ఎక్స్‌ప్రెస్ రైలంత వేగమన్నమాట. అంత వేగంగా తిరిగే పళ్లెం మీద, దాన్ని తాకకుండా, కొద్ది నానోమీటర్ల ఎత్తులో చదివే హెడ్డు తేలుతూ ఉంటుంది. నోట్‌బుక్కులో ఒక కాగితం మందం దాదాపు లక్ష నానోమీటర్లు. సిగరెట్ పొగలోని నుసి కూడా ఆ సందులో పట్టదు. అంత దగ్గర నుంచి అంత బలహీనమైన అయస్కాంతాన్ని పసిగట్టడానికి తోడ్పడిన భౌతిక సూత్రాన్ని అల్బేర్ ఫెర్, పీటర్ గ్రూన్‌బెర్గ్ 1988లో విడివిడిగా కనిపెట్టారు. 2007లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

అయినా ఆ చదవడం అచ్చుపుస్తకం చదివినట్టు సాఫీగా సాగదు. మసక వెలుతురులో గొలుసుకట్టు రాత చదివినట్టు ఉంటుంది. పక్క బిట్ల నీడ పడుతుంది, హెడ్డు కాస్త పక్కకు జరుగుతుంది. అక్కడక్కడ ఊహించి చదవక తప్పదు. తప్పులు దొర్లడం మామూలే. మరి వాటిలో దాదాపు ఏ ఒక్కటీ మనదాకా ఎందుకు రాదు?

కాపలా కాసే ఛందస్సు

దీనికి జవాబు తెలుగు పద్యం చదువుకున్నవాళ్లకు సులభంగానే బోధపడుతుంది.

ఉత్పలమాల తీసుకోండి. పాదానికి భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు, మొత్తం ఇరవై అక్షరాలు. పదో అక్షరానికి మొదటి అక్షరంతో యతిమైత్రి కుదరాలి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అది ప్రాస. లేఖకుడు నిద్రమత్తులో ఒక అక్షరం వదిలేస్తే గణం విరుగుతుంది. లఘువు చోట గురువు రాస్తే పాదం కుంటుతుంది. పదో అక్షరం మార్చేస్తే యతి తప్పుతుంది. మూలం చూడకుండానే, కేవలం పద్యం చదివి, ఇక్కడేదో తేడా ఉందని పండితుడు చెప్పగలడు. ఒక్కోసారి ఏ అక్షరం ఉండాలో కూడా చెప్పగలడు. చెప్పదలచుకున్న విషయానికి ఈ నియమాలేవీ అవసరం లేదు, వచనంలోనూ చెప్పవచ్చు. కానీ వచనానికి ఈ కాపలా ఉండదు. ఛందస్సు పద్యానికి నగ మాత్రమే అనుకుంటాం. అది తాళం కూడా.

డిస్కు చేసేదీ ఇదే. మన సమాచారంతోపాటు అవసరానికి మించి కొన్ని కాపలా బిట్లు కలిపి రాస్తుంది. ఈ ఆలోచనకు గట్టి గణితరూపం ఇచ్చినవాడు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హామింగ్. 1940ల చివర్లో ఆయన శని, ఆదివారాలు తన లెక్కల్ని యంత్రానికి అప్పగించి వెళ్లేవాడు. ఎక్కడైనా తప్పు దొర్లితే యంత్రం దాన్ని గుర్తించి, ఆ లెక్క వదిలేసి తర్వాతి పనికి పోయేది. వరసగా రెండు వారాలు లెక్కలు మధ్యలోనే ఆగిపోయేసరికి హామింగ్‌కు చిర్రెత్తింది. తప్పుందని పసిగట్టగలిగిన యంత్రం ఆ తప్పెక్కడుందో కనిపెట్టి దిద్దుకోలేదా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. 1950లో జవాబు అచ్చయింది.

ఆ జవాబు వేళ్ల మీద చూపించగలిగినంత చిన్నది. ఏడు గడులు గీసి 1 నుంచి 7 దాకా అంకెలు వేయండి. 3, 5, 6, 7 గడుల్లో మన సమాచారం. 1, 2, 4 గడుల్లో ముగ్గురు కాపలాదారులు. ఒకటో కాపలాదారు 1, 3, 5, 7 గడుల్ని చూసుకుంటాడు. రెండోవాడు 2, 3, 6, 7 గడుల్ని, నాలుగో గడిలోనివాడు 4, 5, 6, 7 గడుల్ని. తన కిందనున్న గడుల్లో ఒకట్ల లెక్క ఎప్పుడూ సరిసంఖ్యగా ఉండేట్టు ప్రతివాడూ తన గడిలో సున్నానో ఒకటో వేసుకుంటాడు. ఇప్పుడు ఎవరో వచ్చి ఆరో గడిలో అంకె తారుమారు చేశారనుకోండి. ఒకటో కాపలాదారుకు తెలియదు, అది వాడి గడి కాదు. రెండోవాడు, నాలుగోవాడు లెక్క తప్పిందని కేకేస్తారు. రెండు, నాలుగు కలిపితే ఆరు. దొంగ పడింది ఆరో గడిలోనే! ఏ గడిలో తప్పు జరిగినా, కేకేసినవాళ్ల అంకెలు కూడితే చాలు, దాని చిరునామా వస్తుంది.

1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ వేసిన పద్ధతి ఇంకా బలమైనది. ఒకేచోట వరసగా చెరిగిపోయిన బిట్లనూ అది దిద్దుతుంది. డిస్కు మీద సమాచారం సెక్టార్లనే ముక్కలుగా ఉంటుంది. పాతకాలపు 512 బైట్ల సెక్టారుకు 50 బైట్ల దాకా కాపలా ఉండేది. ఇప్పటి 4,096 బైట్ల సెక్టారుకు 100 బైట్ల దాకా ఉంటుంది.

అరిచే తప్పు, అరవని తప్పు

ఇక్కడే మన పరిశోధనకు మొదటి ఆధారం దొరుకుతుంది. కాపలా బిట్లు కూడా దిద్దలేనంతగా సెక్టారు చెడిపోతే డిస్కు ఏం చేస్తుంది? ఏదో ఒకటి ఊహించి అంటగట్టదు. మళ్లీ మళ్లీ చదివి చూస్తుంది, చివరికి ఈ సెక్టారు చదవలేకపోయానని తేల్చి చెప్పేస్తుంది. అప్పుడు పోయేది ఒక బిట్టు కాదు, సెక్టారు మొత్తం. అంటే పళ్లెం చెడితే కలిగేది గ్రంథపాతం. దాని లక్షణాలు పైకి కనిపిస్తాయి: ఫైలు తెరుస్తుంటే నిమిషాల తరబడి తిప్పలు, చదవలేకపోయానన్న సందేశం, ముదిరితే లోపల టక్‌టక్ చప్పుడు. ఇంటి డిస్కులకు తయారీదారులు ఇచ్చే లెక్క, కోటి కోట్ల బిట్లు చదివితే ఇలాంటి దిద్దలేని తప్పు ఒకటికి మించదని. టెరాబైటు డిస్కును మొదటి నుంచి చివరిదాకా పన్నెండున్నర సార్లు చదివితే అన్ని బిట్లవుతాయి.

డిస్కు తన ఆరోగ్యం గురించి తనే చిట్టా రాసుకుంటుంది. దాని పేరు స్మార్ట్. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాముతో ఆ చిట్టా చదవవచ్చు. ఇంటివాళ్లకు అందులో నాలుగు వరసలు చాలు. 5వది, చెడిపోయినందువల్ల పక్కన పెట్టి, బదులుగా వేరే చోటు కేటాయించిన సెక్టార్లెన్నో చెబుతుంది. 197వది, చదవడం కష్టమై తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లు. 198వది, ఇక దిద్దలేమని తేలినవి. 199వది, దారిలో దొర్లిన తప్పులు. మొదటి మూడూ సున్నాగా ఉంటే మేలు. పెరుగుతూ పోతుంటే డిస్కు మూటాముల్లె సర్దుకుంటున్నట్టే.

అయితే చిట్టా శుభ్రంగా ఉంది కదా అని నిశ్చింతగా పడుకోకూడదు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కుల్ని గమనించి 2007లో ఒక అధ్యయనం వెలువరించారు. పాడైన డిస్కుల్లో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచికల్లో ఏ ఒక్కదానిలోనూ ముందస్తు హెచ్చరిక లేకుండానే పోయాయట. తనిఖీలో మొదటి తప్పు కనిపించిన డిస్కు మాత్రం, తప్పులేని డిస్కుతో పోలిస్తే, రెండు నెలల్లోపు పాడయ్యే అవకాశం 39 రెట్లు ఎక్కువట. చిట్టా చెడ్డమాట చెబితే నమ్మాలి. మంచిమాట చెబితే విని ఊరుకోవాలి.

బీరువాలోంచి పాత డిస్కు తీసి, యూఎస్‌బీ అడాప్టరుతో చెల్లె ల్యాప్‌టాప్‌కు తగిలించాను. 5 దగ్గర సున్నా. 197, 198 సున్నా. 199 దగ్గర మాత్రం 37.

వైరు మీద అనుమానం

199వ వరస పళ్లేనికి సంబంధించింది కాదు. డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య ఉండే చదును కేబుల్‌కు సంబంధించింది. ఆ కేబుల్ మీద పోయే ప్రతి మూటకూ చివర ఒక సరిచూపు అంకె ఉంటుంది. అందుకున్నవైపు లెక్క కట్టి చూస్తే కలవకపోతే, మళ్లీ పంపమంటుంది. ఇలా మళ్లీ పంపమన్న ప్రతిసారీ 199వ లెక్క ఒకటి పెరుగుతుంది. కేబుల్ వదులై ఉండవచ్చు, తీగ నలిగి ఉండవచ్చు, కొసలకు దుమ్ము పట్టి ఉండవచ్చు. ఈ లెక్క తగ్గడమంటూ ఉండదు, కాబట్టి 37 ఉందా 370 ఉందా అని కాదు, ఇవాళ్టికీ రేపటికీ పెరిగిందా అని చూడాలి.

మన దగ్గర ఇది అరుదైన జబ్బు కాదు. మేలో ఓరుగల్లు ఎండకు గది పొయ్యిలా కాగుతుంది, ఫ్యాను గాలితోపాటు దుమ్మునూ లోపలికి లాగుతుంది. కొత్త కేబుల్ వేశాను. కొత్త డిస్కులో 199వ లెక్క కదల్లేదు. హమ్మయ్య అనుకుని నాలుగు సినిమాలు అటూ ఇటూ కాపీ చేసి చూశాను. ఒక సినిమా మధ్యలో బొమ్మ ముక్కలైంది.

ఆలోచిస్తే, కాకేం చేస్తుంది? కేబుల్ మీద కాపలా ఉందని ఇప్పుడే కదా చెప్పుకున్నాం. తప్పు మూటను అది దాటనివ్వదు. కేబుల్ పాడైతే కంప్యూటరు నెమ్మదిస్తుంది, మొండికేస్తుంది. చడీచప్పుడు కాకుండా తప్పు అక్షరం అంటగట్టడం దానివల్ల దాదాపు కాదు. పళ్లెం మీద కాపలా ఉంది. తీగ మీద కాపలా ఉంది. మరి కాపలా లేని చోటు ఏది?

పదహారు తేడా

పాత డిస్కులో 412 తెరిచాను. చెల్లె ల్యాప్‌టాప్ తెర మీద అది నిక్షేపంగా ఉంది! ఎర్రచీర ఎర్రగానే ఉంది. పోయిందని తీర్పు చెప్పిన డిస్కులో ఫోటో బాగుంది. బాగుందని కొన్న డిస్కులో పాడైంది.

రెండు ప్రతులు చేతిలో ఉన్నప్పుడు పండితులు చేసే పని ఒకటే, అక్షరం అక్షరం పక్కపక్కన పెట్టి చూడటం. సీపీ బ్రౌన్ వేమన పద్యాలు 1829లో అచ్చువేయడానికి ముందు చేసిందీ, కడపలో సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి చేయించిందీ అదే. విండోస్‌లో ఆ పనికి ఎఫ్‌సీ అనే చిన్న ఆదేశం ఉంది. రెండు ఫైళ్లు ఇస్తే ఎక్కడెక్కడ ఏ బైటు తేడా ఉందో వరసగా చూపిస్తుంది.

412లో నలభై లక్షల పైచిలుకు బైట్లుంటే, తేడా వచ్చింది ఒక్కదానిలో. పాత ప్రతిలో 74, కొత్త ప్రతిలో 90. ఇంకో పాడైన ఫోటో తీశాను: 45 ఉండాల్సిన చోట 61. ఇంకొకటి: 129 చోట 145.

బాపు పక్కనే కూర్చుని కాగితం మీద తీసివేతలు వేస్తున్నాడు. "పదారు... పదారు... మళ్ల పదారే. ఇది తుడిచిపెట్టుకపోవుడు కాదురా. ఎవనికో ఒకే ఒక్క అక్షరం పలుకుతలేదు."

నిజమే. బైటులోని ఎనిమిది బిట్లకు 1, 2, 4, 8, 16, 32, 64, 128 అని విలువలుంటాయి. ప్రతిచోటా 16 విలువున్న బిట్టొక్కటే సున్నా నుంచి ఒకటికి మారింది. పళ్లెం ఎప్పుడూ ఇలా చెయ్యదు. పోతే సెక్టారు మొత్తం పోవాలి. ఇంకో ఆనవాలు కూడా దొరికింది. తేడా వచ్చిన స్థానాన్ని 4,096తో భాగిస్తే, మూడు ఫోటోల్లోనూ శేషం ఒకటే. కంప్యూటరు తన తాత్కాలిక జ్ఞాపకాన్ని, అంటే ర్యామ్‌ను, 4,096 బైట్ల పుటలుగా విభజించి పంచుతుంది. ఆ పుటల్లో ఒకదానిలో, ఒకే ఒక్క గడి ఎప్పుడూ ఒకటి దగ్గరే బిగుసుకుపోయిందన్నమాట. ఎనిమిది గిగాబైట్ల ర్యామ్‌లో అలాంటి పుటలు 20 లక్షలకు పైనే. కాపీ చేస్తున్న ఫైలు ముక్క ఆ దరిద్రపు పుట మీద పడి, పైగా ఆ స్థానంలో సున్నా ఉంటేనే తప్పు జరుగుతుంది. అందుకే వేల ఫోటోల్లో పదికి మాత్రమే దెబ్బ తగిలింది.

ఒక్క బిట్టు సగం ఫోటోను ఎలా ముంచింది? తాళపత్రాల్లో మాటల మధ్య ఖాళీలుండవు, పదవిభాగం చదివేవాడే చేసుకోవాలి. మొదటి విరుపు తప్పితే తర్వాతి విరుపులన్నీ తప్పుతాయి. జేపెగ్ ఫోటో రాసే తీరూ అంతే. చోటు కలిసి రావడానికి రకరకాల పొడవుల సంకేతాల్ని సందు లేకుండా పేరుస్తారు. పైగా ప్రతి గడి వెలుగునూ ముందు గడితో తేడాగా రాస్తారు. ఒక బిట్టు తప్పితే ఆ తర్వాత పదవిభాగమంతా తలకిందులు.

కాపలా లేని చోటు ఆ ర్యామే. ఫైలును కాపీ చేయడమంటే పాత డిస్కు నుంచి ర్యామ్‌లోకి, ర్యామ్ నుంచి కొత్త డిస్కులోకి. ర్యామే లేఖకుడు. పెద్ద సర్వర్లలో వాడే ర్యామ్‌కు ప్రతి 64 బిట్లకు 8 కాపలా బిట్లుంటాయి, అవి హామింగ్ వారసులే. ఇంటి కంప్యూటర్ల ర్యామ్‌లో ఆ ఖర్చు మిగుల్చుకుంటారు. లేఖకుడు 74ను 90గా రాసిచ్చాడు. కొత్త డిస్కు ఆ 90ను తీసుకుని, దానికి నిక్కమైన కాపలా బిట్లు కట్టి, భద్రంగా దాచింది. తర్వాత ఎన్నిసార్లు అడిగినా గణాలు సరి, యతి సరి, పాఠం మాత్రం తప్పు.

ఈ సంగతి చెబితే బాపు నవ్వాడు. "తెలివిగల్ల లేఖకునితోనే కష్టం. తెలివిలేనోడు తప్పు రాస్తే యతి పట్టిస్తది. తెలివిగల్లోడు యతి కుదిరేటట్టు తప్పు రాస్తడు. దాన్ని పట్టుకోవాలంటే ఇంకో ప్రతి ఉండాల్సిందే."

ఆ రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టి పడుకున్నాను. అది ర్యామ్‌లోని ప్రతి గడిలో అంకెలు రాసి, తిరిగి చదివి చూస్తుంది. పొద్దున లేచేసరికి తెర మీద ఎర్రగీతలు: ఒకే చిరునామా, అదే పదహారు. రెండు స్టిక్కులుంటే ఒక్కొక్కటే పెట్టి మళ్లీ పరీక్షించాను, రెండోది దోషి. మన మెకానిక్కుల పద్ధతిలో దాని బంగారు కొసల్ని రబ్బరుతో రుద్ది పెట్టి కూడా చూశాను. కొసలకు మురికి పడితే ఆ వైద్యం పనిచేస్తుంది, లోపలి గడి బిగుసుకుంటే పనిచెయ్యదు. తీసేసి కొత్తది వేశాను. నీలం తెరలూ ఆగిపోయాయి.

డిస్కే దోషి అయితే

ప్రతిసారీ కథ ఇలా ముగియదు. 5, 197 లెక్కలు పెరుగుతున్నా, టక్‌టక్ వినిపిస్తున్నా దోషి డిస్కే. అప్పుడు అందరూ మొదట చేసే పనే అన్నిటికన్నా ప్రమాదకరమైనది: చెక్‌డిస్క్ నడపడం. చెక్‌డిస్క్ దిద్దేది పుస్తకంలోని విషయాన్ని కాదు, విషయసూచికను. సూచిక పొంతన కుదరడానికి అవసరమైతే కొన్ని పేర్లు కొట్టేస్తుంది కూడా. చావుబతుకుల్లో ఉన్న డిస్కును ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పరిగెత్తిస్తుంది. ముందు డిస్కు మొత్తాన్ని యథాతథంగా ఇంకో డిస్కులోకి దించుకోవాలి. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము సులువుగా వచ్చే భాగాల్ని ముందు తీసుకుని, మొండి భాగాల దగ్గరికి తర్వాత తిరిగి వస్తుంది. పండుటాకుల కట్టలోంచి గట్టిగా ఉన్న ఆకుల్ని ముందు విప్పి రాసుకున్నట్టు. దిద్దుబాట్లన్నీ ఆ ప్రతి మీదే చేయాలి. పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రామును అదే డిస్కులో ఎక్కించకూడదు, వెతుకుతున్నవాటి మీదే అది కూర్చోవచ్చు.

కరెంటు పోవడం ఇంకో కథ. రాస్తుండగా కరెంటు పోతే సూచిక చెదరకుండా 1993లో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతి ముందుగా ఒక చిట్టా రాసుకుంటుంది. కానీ అది కాపాడేది సూచికనే, సగంలో ఆగిన మీ ఉత్తరాన్ని కాదు. దానికి యూపీఎస్ ఇచ్చే అయిదు నిమిషాలే దిక్కు.

మన నగరానికి నీళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. వరదలో తడిసిన కంప్యూటర్లను ఎండలో పెట్టి, ఆరాయనుకోగానే స్విచ్ వేయడం చాలామంది చేసే పొరపాటు. మామూలు డిస్కుకు గాలి పీల్చుకునే సన్నని రంధ్రం ఉంటుంది, నీళ్లు అందులోంచి లోపలికి పోగలవు. నీరు ఆరినా బురద పొర పళ్లెం మీద మిగులుతుంది. కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలే హెడ్డుకు అది కొండ. తడిసిన డిస్కుకు కరెంటు ఇవ్వకూడదు. అందులోని సమాచారం అంత విలువైనదైతే, దుమ్ములేని గదిలో డిస్కు విప్పే ప్రయోగశాలకు పంపాలి.

మూలప్రతి

ఓరుగల్లు ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లకు పోగొట్టుకున్న పాఠం గురించి ఒక పెద్ద కథ తెలుసు. పాలకుర్తి దగ్గరి బమ్మెరలో పోతన భాగవతం రాశాడనీ, అది తనకు అంకితమివ్వలేదన్న కోపంతో సర్వజ్ఞ సింగభూపాలుడు తాళపత్రాల్ని పాతిపెట్టించాడనీ, తిరిగి తీసేసరికి కొన్ని భాగాలు శిథిలమయ్యాయనీ ఐతిహ్యం. పాతిపెట్టిన కథ సంగతి ఎలా ఉన్నా, అయిదో స్కంధం గంగన రాసిందనీ, ఆరోది సింగన రాసిందనీ, చివరి రెండూ నారయ రాసినవనీ మనం చదువుకున్నాం. ముగ్గురూ సమర్థులే. ఛందస్సు ఎక్కడా కుంటదు. కానీ అవి పోతన పద్యాలు కావు. ఇవాళ పాడైన ఫోటోల్ని బాగుచేస్తామనే ప్రోగ్రాములు చేసేదీ ఇదే. బూడిదరంగు పట్టీని అందంగా నింపగలవు. ఆ చీర మడతలు మాత్రం ఆ రోజు చెల్లె కట్టుకున్నవి కావు. పోయినదాన్ని పూరించవచ్చు, తిరిగి తేవాలంటే మాత్రం ఇంకెక్కడో అది ఉండి ఉండాలి.

కంప్యూటరు పని తెలిసినవాళ్లు దీన్ని మూడు, రెండు, ఒకటి అంటారు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటికి దూరంగా. దానికి నేను కలిపిన నాలుగో మాట, పోల్చి చూసుకోవడం. ఫైలు ఎంత పెద్దదైనా దాని నుంచి హ్యాష్ అనే చిన్న ముద్ర లెక్కకట్టవచ్చు. ఒక్క బిట్టు మారినా ముద్ర మొత్తం గుర్తుపట్టలేనట్టు మారిపోతుంది. విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్‌తో కాపీకి ముందొకసారి, తర్వాతొకసారి ముద్ర తీసి రెండూ కలిశాయో లేదో చూస్తే చాలు. తప్పుడు ప్రతిని మూడుచోట్ల దాచుకుంటే మిగిలేది మూడు తప్పులే.

కొత్త ర్యామ్ వేశాక పాత డిస్కు నుంచి ఫోటోలన్నీ మళ్లీ దించాను, ముద్రలు సరిచూశాను. ఒక ప్రతి కరీంనగర్‌లో మేనత్త ఇంటికి పోయింది. మరమ్మతు అబ్బాయి దారిన పోతూ పలకరించి, "ఆ పాత డిస్క్ ఉంటే ఇయ్యండి సార్, స్క్రాపుకు పోతది" అన్నాడు.

బాపు లోపలికి పోయి బీరువా తెరిచాడు. పాత డిస్కు మీద తెల్లకాగితం ముక్క ఒకటి అంటించి ఉంది. దాని మీద ఆయన గుండ్రటి రాతలో ఒకే మాట: మూలప్రతి. అబ్బాయికి అది చూపించి, మళ్లీ బీరువాలోనే పెట్టి తాళం వేశాడు.